క్లస్టర్‌కి ఎస్ఎస్‌డీ కాష్‌తో ఫైల్ సర్వర్: ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మా అనుభవం

సర్వర్ కొనడానికి ఫిబ్రవరి మొదటి వారంలో అనుమతి వచ్చింది. పాత సర్వర్ పేరు ఎవరి నోటా వినపడకుండా పోయేసరికి జూన్ సగం దాటింది. ఇన్ని నెలల్లో కాన్ఫిగరేషన్‌కి పట్టిన టైమ్ చాలా తక్కువ. సామాను కోసం ఎదురుచూడటం, డేటా కాపీ అవుతుంటే కాపలా కాయడం, ఆ తర్వాత "కొత్తది పాతదానికంటే స్లోగా ఉందేంటి" అనే మెయిల్స్‌కి కారణాలు వెతకడం, వీటికే మిగతా కాలమంతా పోయింది. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్లకి ఎక్కడ ఎంతసేపు పడుతుందో, ఏది చెప్పాపెట్టకుండా ఎదురొస్తుందో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మాది 40 నోడ్‌ల క్లస్టర్, అంటే కలిసి లెక్కలు చేసే 40 కంప్యూటర్లు. జాబ్‌లన్నీ స్లర్మ్ (పనులని వరసలో పెట్టి నోడ్‌లకి పంచే సాఫ్ట్‌వేర్) ద్వారా నడుస్తాయి. హోమ్ డైరెక్టరీలు, ప్రాజెక్ట్ డేటా, సాఫ్ట్‌వేర్ అంతా ఒకే ఒక్క ఎన్ఎఫ్ఎస్ సర్వర్ (నెట్‌వర్క్ మీదుగా నోడ్‌లన్నిటికీ ఫైళ్లు అందించేది) మీద ఉండేది. ఎవరైనా కొన్ని వందల జాబ్‌లు ఒకేసారి వదిలారంటే మిగతావాళ్లు ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. "సర్వర్ మార్చండి సార్" అని అడగని విద్యార్థి లేడు.

కొనే ముందు రెండు వారాలు పాత సర్వర్ ఏం పని చేస్తోందో చూశాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా అక్కరకొచ్చిన టైమ్ అదే. ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ కమాండ్ సర్వర్ వైపు లెక్కలు చూపిస్తుంది. గంటకోసారి దాన్ని ఫైల్‌లోకి రాయించి, తేడాలు తీశాను. చదవడం, రాయడమే ఎక్కువ ఉంటాయనుకుంటాం కదా, అలా లేదు. వచ్చే రిక్వెస్టుల్లో సగానికి పైగా "ఈ ఫైల్ ఉందా, ఎప్పుడు మారింది, నాకు అనుమతి ఉందా" అని అడిగేవే. కారణం వెతికితే పైథాన్ ఎన్విరాన్‌మెంట్లు బయటపడ్డాయి. ఒక్క ప్రోగ్రామ్ మొదలవడానికి అది వేల ఫైళ్లను తడుముతుంది. 40 నోడ్‌లలో వందల ప్రాసెస్‌లు ఒకే నిమిషంలో మొదలైతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అసలు డేటా చదివేవాటిలో ఎక్కువ భాగం అందరూ వాడే కొన్ని రిఫరెన్స్ డేటాబేస్‌లే. మిగతాదంతా ఒకసారి రాసి, ఒకసారి చదివి, మళ్లీ ఎవరూ ముట్టుకోనిది.

కాష్ అంటే వాడిన డేటాని వేగమైన చోట దాచిపెట్టుకునేది, కాబట్టి రెండోసారి అవసరమయ్యేదాన్నే అది ఆదుకుంటుంది. మా దగ్గర అలాంటిది మొత్తం డేటాలో చాలా చిన్న ముక్క అని అర్థమయ్యాక, పూర్తి ఎస్ఎస్‌డీ సర్వర్ ఆలోచన వదిలేశాం. దానికి వచ్చిన కొటేషన్ చూసి, బడ్జెట్ చూసే మా సార్ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టేశారు. ఆ సంగతి వేరే.

హార్డ్ డిస్క్‌ల ముందు ఎస్ఎస్‌డీ కాష్ పెట్టడానికి లినక్స్‌లో దారులు చాలానే ఉన్నాయి. జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ బాగుంటుంది గానీ అది కెర్నెల్‌లో (లినక్స్ మూల ప్రోగ్రామ్‌లో) భాగం కాదు. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ మాడ్యూల్ సరిగ్గా కట్టుకుందా లేదా అని చూసుకునే ఓపిక మాకు లేదు. బీకాష్ అయితే డిస్క్‌ని మొదట్నుంచీ దాని పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. చాలా సర్వర్లని కలిపి నడిపే లస్టర్, సెఫ్ లాంటివి ఒక్క మనిషి చూసుకునేవి కావు. చివరికి లినక్స్‌లో డిస్క్‌లని వాల్యూమ్‌లుగా కూర్చే ఎల్‌వీఎమ్‌లోనే ఉండే కాష్ తీసుకున్నాం. ఫైల్ సిస్టమ్ నడుస్తుండగానే తగిలించొచ్చు, నడుస్తుండగానే విడదీయొచ్చు. ఈ ఒక్క గుణం తర్వాత రెండుసార్లు కాపాడింది.

ఫిబ్రవరి మూడో వారంలో ఆర్డర్ పెట్టాం. 8 టీబీ హార్డ్ డిస్క్‌లు 12, 1.6 టీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీలు 2, ర్యామ్ 256 జీబీ, 25 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డ్. హార్డ్ డిస్క్‌లు ఎస్ఎమ్ఆర్ రకం కాకూడదని కాగితం మీద రాయించుకున్నాం. ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి కప్పి రాసే ఆ రకం డిస్క్‌లు రెయిడ్‌లో (చాలా డిస్క్‌లని ఒకటిగా కలిపే అమరికలో) రీబిల్డ్ వచ్చినప్పుడు, అంటే పోయిన డిస్క్ డేటాని కొత్తదాని మీద మళ్లీ కట్టేటప్పుడు, నీళ్లు తాగిస్తాయి. ఎస్ఎస్‌డీల దగ్గర కొంచెం గొడవైంది. సప్లయర్ మొదట డెస్క్‌టాప్ రకం కోట్ చేశాడు. "స్పీడ్ ఇంకా ఎక్కువే కదండీ" అన్నాడు. ఆ స్పీడ్ డబ్బా మీద. కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాని భద్రంగా దించే కెపాసిటర్లు వాటిలో ఉండవు కాబట్టి, ప్రతి రాతకీ "నిజంగా లోపలికి వెళ్లిందా" అని అడిగినప్పుడు అవి ఆగిపోతాయి. ఒకరి దగ్గర అలాంటిది అరువు తెచ్చి పరీక్షించి చూపించాను. వేలల్లో ఉండాల్సిన అంకె వందల్లోకి పడింది. ఆ ఫలితం పంపాక ఇంకేం మాట్లాడకుండా సర్వర్ రకం ఎస్ఎస్‌డీలు కోట్ చేశాడు. ధర బాగానే పెరిగింది, కానీ ఇందులో రాజీ పడే వీల్లేదు.

బడ్జెట్‌లో రాసుకోని ఖర్చులు మూడు తగిలాయి. ఎన్‌వీఎమ్ఈ డిస్క్ పెట్టే బే సర్వర్‌లో ఉంది గానీ, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే కేబుల్ విడిగా కొనాలట. నెట్‌వర్క్ కార్డుకి, స్విచ్‌కి మధ్య కేబుళ్లు ఇంకో ఖర్చు. మూడోది యూపీఎస్ బ్యాటరీలు. పాతవి లోడ్ పెడితే ఎంతసేపు ఆగుతాయో చూద్దామని పరీక్షిస్తే రెండు నిమిషాలకే చేతులెత్తేశాయి. ఎన్‌వీఎమ్ఈ కేబుల్ ఒక్కటి రావడానికే అదనంగా మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా మెరిసే కొత్త సర్వర్ ర్యాక్‌లో ఊరికే కూర్చుంది.

ఊరికే ఎందుకని హార్డ్ డిస్క్‌లతో రెయిడ్ 6 (రెండు డిస్క్‌లు పోయినా డేటా నిలుస్తుంది, రెండు డిస్క్‌లంత చోటు దానికే పోతుంది) కట్టడం మొదలుపెట్టాం. మొదటి సింక్ రాత్రంతా నడిచింది. మొదట్లో సెకనుకి 200 ఎంబీ దగ్గర ఆగిపోయింది. డిస్క్ అంతకంటే వేగంగా పోగలదు, లినక్స్‌లో మామూలుగా ఉండే పరిమితే అంత. తెల్లారేసరికి అది 110 దగ్గరికి జారింది. దాంతో ఏదో డిస్క్ పోతోందని టెన్షన్ పట్టుకుంది. హెడ్ బయటి ట్రాక్‌ల నుంచి లోపలి ట్రాక్‌లకి వెళ్లేకొద్దీ వేగం తగ్గడం మామూలే. సింక్ అయ్యాక డీఎఫ్ (డిస్క్‌లో చోటు ఎంతో చూపే కమాండ్) కొడితే 80 టీబీ ఉండాల్సిన చోట 73 కనిపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, డీఎఫ్ 1024తో. ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది, జవాబు దగ్గర పెట్టుకోండి.

డేటా పెట్టకముందే ఒక డిస్క్ కావాలని పీకి చూశాం. ఏ డిస్క్ ఏ బేలో ఉందో సాఫ్ట్‌వేర్ చెప్పే పేరుని బట్టి తెలియదని అప్పుడే తేలింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆ పేరు మారిపోవచ్చు కూడా. మా జూనియర్ ప్రతి డిస్క్‌నీ బయటికి లాగి, సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు చిన్న స్టిక్కర్ మీద రాసి బే ముందు అంటించాడు. అర్ధగంట పని.

మార్చి నాలుగో వారంలో కేబుల్ వచ్చింది. రెండు ఎస్ఎస్‌డీలని మిర్రర్ చేసి (ఒకే డేటా రెండిటి మీదా ఉండేలా), దాని మీద కాష్ కట్టి, హార్డ్ డిస్క్‌ల వాల్యూమ్‌కి తగిలించాను. పది నిమిషాల పని. పరీక్ష పెడితే కాష్ లేనప్పుడు వచ్చిన అంకెలే, దశాంశం దాకా అవే. ఎల్‌వీఎమ్ వివరాలు చూపే ఎల్‌వీఎస్ కమాండ్‌లో కాష్ లెక్కలు తెరిచి చూశాను. రీడ్ హిట్స్ (కాష్‌లో దొరికినవి) సున్నా, మిస్‌లు (దొరకనివి) లక్షల్లో. డీఎమ్‌సెటప్ స్టేటస్ అనే ఇంకో కమాండ్‌లో ప్రమోషన్ల అంకె కూడా సున్నానే. అంటే హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీలోకి ఒక్క బ్లాక్ కూడా ఎక్కలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. అంత డబ్బు పోసి కొన్న ఎస్ఎస్‌డీలు చలనం లేకుండా ఉంటే కడుపులో దేవేసినట్టయింది.

కారణం దొరకడానికి రెండు రోజులు పట్టింది. మీకు రెండు నిమిషాల్లో తేలాలని వివరంగా చెబుతున్నాను. ఎల్‌వీఎమ్ కాష్‌ని ముక్కలుగా కోస్తుంది. మొత్తం ముక్కలు 10 లక్షలు దాటకూడదని దాని నియమం. కాష్ పెద్దదైతే ముక్క సైజు దానంతటదే పెరుగుతుంది, 1.6 టీబీకి ఒక్కో ముక్క ఒకటిన్నర ఎంబీ దాటింది. ఇంకోవైపు, ఒకేసారి ఎంత డేటా అటూఇటూ కదలొచ్చో చెప్పే మైగ్రేషన్ థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ ఉంది. అది మామూలుగా 2048 సెక్టార్లు (ఒక్కోటి 512 బైట్లు), అంటే సరిగ్గా ఒక ఎంబీ. ముక్కేమో ఒకటిన్నర, గేటేమో ఒకటి. ఏదీ లోపలికి దూరదు. ఎల్‌వీఎమ్ కొత్త వెర్షన్లలో ఇది కనీసం 8 ముక్కలంత ఉండేలా సరిచేశారు, మా సర్వర్‌లో ఉన్నది అంతకుముందుది. ఎల్‌వీచేంజ్‌తో ఆ విలువ పెంచి, డీఎమ్‌సెటప్ స్టేటస్‌ని రెండు సెకన్లకోసారి కొట్టించి చూస్తూ కూర్చున్నాను. సున్నా 14 అయింది, 90 అయింది, అలా ఎక్కుతూనే ఉంది. జూనియర్ కుర్చీ వెనక నిలబడి క్రికెట్ స్కోర్ చదివినట్టు అంకెలు పైకి చదివాడు.

తర్వాత వచ్చింది రైట్‌త్రూనా, రైట్‌బ్యాకా అన్న చర్చ. రైట్‌త్రూలో ప్రతి రాతా హార్డ్ డిస్క్ దాకా వెళ్లాకే "అయింది" అంటారు. రైట్‌బ్యాక్‌లో ఎస్ఎస్‌డీకి చేరితే చాలు, హార్డ్ డిస్క్‌కి తీరిగ్గా వెళ్తుంది. కానీ అప్పుడు కాష్ పోతే ఫైల్ సిస్టమ్ కూడా పోయినట్టే. అందుకే మిర్రర్ చేశాం. తేడా ఎంతో చూడ్డానికి ఒక నోడ్ నుంచి లినక్స్ కెర్నెల్ సోర్స్ విప్పి చూశాను. వేలకు వేల చిన్న ఫైళ్లు ఉంటాయి కదా, ఒక్కో ఫైల్ సృష్టించినప్పుడల్లా అది శాశ్వతంగా పడ్డాకే సర్వర్ జవాబివ్వాలి. రైట్‌త్రూలో పావుగంట దగ్గరికొచ్చింది. రైట్‌బ్యాక్‌లో రెండు నిమిషాలు.

"అన్నా, ఎక్స్‌పోర్ట్స్‌లో (ఎన్ఎఫ్ఎస్ సెట్టింగుల ఫైల్‌లో) అసింక్ అని పెట్టేస్తే కాష్ లేకుండానే ఇంత స్పీడ్ వస్తుంది కదా?" అన్నాడు జూనియర్. వస్తుంది. ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ డేటా ర్యామ్‌లో ఉండగానే సర్వర్ "రాసేశాను" అని అబద్ధం చెబుతుంది. ఆ క్షణంలో సర్వర్ పడిపోతే, ఫైల్ సేవ్ అయిందనుకుని నోడ్ ముందుకెళ్లిపోతుంది, డేటా మాత్రం ఎక్కడా ఉండదు. ఒక్కో జాబ్ మూడు రోజులు నడిచే చోట ఆ పని చేయలేం. సింక్‌తోనే ఉన్నాం. రైట్‌బ్యాక్‌కి మాత్రం యూపీఎస్‌కి కొత్త బ్యాటరీలు వచ్చి, ప్లగ్ పీకి చూసుకున్నాకే మారాం.

నెట్‌వర్క్ గురించి ఒక్క విషయం. జంబో ఫ్రేమ్‌లు, అంటే ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1500 బదులు 9000 పెట్టుకున్నాం. రెండు ర్యాకుల్లో అంతా బాగుంది. మూడో ర్యాక్ నోడ్‌లలో మౌంట్ అవుతుంది, చిన్న ఫైల్ తెరుచుకుంటుంది, పెద్ద డైరెక్టరీలో ఎల్ఎస్ కొడితే మాత్రం టెర్మినల్ అక్కడే గడ్డకట్టుకుపోతుంది. కంట్రోల్ సీ కి కూడా కదలదు. దారిలో ఒక స్విచ్ పోర్ట్ 1500 దగ్గరే ఉండిపోయింది, పెద్ద ప్యాకెట్లని నోరెత్తకుండా పారేస్తోంది. మామూలు పింగ్‌లో ఇది దొరకదు. ముక్కలు చేయొద్దని చెప్పి, సైజు 8972 పెట్టి పింగ్ చేయాలి. ఐపీ, ఐసీఎమ్‌పీ హెడర్ల 28 బైట్లు కలిస్తే 9000 అవుతుంది. ఇప్పుడు కొత్త నోడ్ పెట్టిన ప్రతిసారీ మొదట చేసే పరీక్ష ఇదే.

ఏప్రిల్ మొదట్లో డేటా కాపీ మొదలైంది. దాదాపు 30 టీబీ. ముందుగా కాష్‌ని విడదీశాం, ఎల్‌వీకన్వర్ట్‌తో ఒక్క కమాండ్. 30 టీబీ వరదలా వచ్చి ఎస్ఎస్‌డీల మీదుగా పారితే కాష్ నిండా పనికిరాని డేటా ఉంటుంది, ఎస్ఎస్‌డీల ఆయుష్షు కూడా అనవసరంగా ఖర్చవుతుంది. కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌ని డైరెక్టరీల వారీగా నాలుగైదు సమాంతరంగా నడిపాం. యూజర్ పేర్లతో కాకుండా నంబర్లతోనే కాపీ చేయమన్నాం, హార్డ్‌లింకులు (ఒకే ఫైల్‌కి ఉన్న వేర్వేరు పేర్లు) ఉంచమన్నాం. ఒకరి హోమ్ డైరెక్టరీలో పైకి 2 టీబీ కనిపించే ఫైల్ ఒకటుంది, లోపల నిజంగా ఉన్నది 10 జీబీ కూడా లేదు, మిగతాదంతా ఖాళీ. స్పార్స్ ఆప్షన్ ఇవ్వకపోతే ఆ ఖాళీ అంతా సున్నాలుగా డిస్క్ మీద పడుతుంది.

మొదటి కాపీకి వారం పైన పట్టింది. పెద్ద ఫైళ్లు పరుగులు పెడతాయి. మధ్యలో ఎవరిదో లక్షలకొద్దీ చిన్న ఫైళ్లున్న డైరెక్టరీ తగిలితే గంటలు గడిచినా అంకె కదలదు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది రెండో కాపీ. మారినవి చాలా తక్కువ కాబట్టి అర్ధగంటలో అవుతుందనుకున్నాం. రాత్రంతా నడిచింది. మారిందో లేదో తెలుసుకోవాలంటే పాత సర్వర్‌లో ప్రతి ఫైల్‌నీ అడగాలి కదా, ఆ అడగడానికే అంత టైమ్. కాబట్టి డౌన్‌టైమ్ ప్రకటించే ముందు ఒకసారి రెండో కాపీని ఉత్తుత్తిగా నడిపి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. "రెండు గంటలు" అని మెయిల్ పెట్టి ఉంటే పరువు పోయేది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా అడిగాం. స్లర్మ్‌లో ఆ టైమ్‌కి మెయింటెనెన్స్ రిజర్వేషన్ పెడితే, అప్పటిలోగా పూర్తికాని జాబ్‌లని అది అసలు మొదలుపెట్టనివ్వదు. ఎవరి జాబూ చంపాల్సిన అవసరం రాలేదు.

మే మొదటి సోమవారం తెరిచాం. పది గంటల కల్లా మొదటి ఫోన్. ఒక విద్యార్థినికి ప్రాజెక్ట్ డైరెక్టరీలో పర్మిషన్ డినైడ్ వస్తోంది. అదే గ్రూపులో ఉన్న పక్క అబ్బాయికి బాగానే తెరుచుకుంటోంది. "నిన్నటిదాకా వచ్చింది సార్, నేనేం మార్చలేదు" అంటోంది, ఏడుపొక్కటే తక్కువ. ఐడీ కమాండ్ కొడితే ఆ అమ్మాయి 19 గ్రూపుల్లో ఉంది. మామూలు ఎన్ఎఫ్ఎస్ పద్ధతిలో ఒక రిక్వెస్ట్‌తో పాటు 16 గ్రూపులే వెళ్తాయి. మిగతావి రాలిపోతాయి. ఆమెకి కావాల్సిన గ్రూప్ ఆ రాలిపోయిన మూడింటిలో ఉంది. సర్వర్ వైపు మేనేజ్ జిడ్స్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, నోడ్ పంపిన జాబితాని పక్కనపెట్టి సర్వరే గ్రూపులు వెతుక్కుంటుంది. అలా జరగాలంటే సర్వర్‌కి యూజర్ల వివరాలు తెలిసి ఉండాలి. పాత సర్వర్‌లో ఎవరో ఎప్పుడో ఇది ఆన్ చేశారు, ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆ సాయంత్రం ఒకరు 600 జాబ్‌ల అర్రే వదిలారు. అందరికీ అంతా ఆగింది. సర్వర్‌లో చూస్తే సీపీయూ ఖాళీ, డిస్క్‌లు ఖాళీ, నెట్‌వర్క్ ఖాళీ. ఎన్ఎఫ్ఎస్ సర్వీస్ నడిపే థ్రెడ్‌లు 8. మా వెర్షన్‌లో డిఫాల్ట్ అంతే. ఆ ఎనిమిదీ ఏదో ఒక డిస్క్ రిక్వెస్ట్ కోసం ఆగితే, ర్యామ్‌లోనే ఉన్న ఫైల్ అడిగినవాడు కూడా వాటి వెనక లైన్లో నిలబడాలి. 128 చేశాం. వెంటనే తేడా వచ్చింది.

అయినా మొదటి వారం మెయిల్స్ ఆగలేదు. "కొత్త సర్వర్ అన్నారు, పాతదే నయం." సార్ ఏమీ అనలేదు గానీ, రోజూ పొద్దున్నే "ఎలా ఉందిప్పుడు?" అని అడిగే తీరులోనే అర్థమయ్యేది. కాపీ అయ్యాక కాష్ మళ్లీ తగిలించాం, అది ఖాళీగా మొదలైంది. దేన్ని ఎక్కించుకోవాలో దానికి వాడకం చూస్తేనే తెలుస్తుంది, అందులోనూ నెమ్మదిగా, ఆచితూచి ఎక్కిస్తుంది. నేను పరీక్షలతో దాన్ని వేడి చేయలేను, నిజమైన జాబ్‌లే చేయాలి. ఇది ఆ వారంలో ఎవరికీ చెప్పి ఒప్పించగలిగే మాట కాదు.

విచిత్రం ఏమిటంటే, రెండో వారంలో మెయిల్స్ తగ్గాయి. హిట్ శాతం చూస్తే ఇంకా 30 దగ్గరే ఉంది. నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. మొదటి కాష్ ఎస్ఎస్‌డీ కాదు, 256 జీబీ ర్యామ్. పైథాన్ ఫైళ్లు, డైరెక్టరీల వివరాలు, అందరూ వాడే డేటాబేస్‌లలో వేడి భాగాలు ముందు అక్కడే దొరుకుతాయి. ఎస్ఎస్‌డీ దాకా వచ్చేది ర్యామ్‌లో దొరకనిది మాత్రమే. అంటే ఎల్‌వీఎస్ చూపించే 30 శాతం అన్ని రిక్వెస్టుల్లో 30 కాదు, మిగిలిపోయిన కష్టమైనవాటిలో 30. ఆ అంకెని గ్రాఫ్ చేసి గోడ మీద పెట్టాలని మొదట్లో అనుకున్నాను, పెట్టి ఉంటే ప్రతి మీటింగ్‌లో దానికి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చేది. ఒకే నోడ్ నుంచి ఒక పైథాన్ ప్రోగ్రామ్ మొదలవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో పది నిమిషాలకోసారి కొలిచి, దాన్నే గ్రాఫ్ చేశాం. యూజర్లు పడే బాధ అందులో సరిగ్గా కనిపిస్తుంది. ఇది తెలిశాక, ఫైళ్ల వివరాలని ర్యామ్‌లోంచి తొందరగా తీసేయకుండా కెర్నెల్‌లో కాష్ ప్రెషర్ సెట్టింగ్ 100 నుంచి 50కి తగ్గించాం. సర్వర్ రీబూట్ అయితే సాఫ్ట్‌వేర్ డైరెక్టరీ మీద ఒకసారి ఫైండ్ నడిపిస్తాం, దాంతో ఆ వివరాలన్నీ ముందే లోపలికి వస్తాయి.

ఎక్కువ ర్యామ్ తెచ్చిన తలనొప్పి కూడా ఒకటుంది. మే మూడో వారంలో రోజుకి రెండు మూడు సార్లు సర్వర్ కొన్ని నిమిషాలు మొద్దుబారిపోయేది. రాయాల్సిన డేటా ర్యామ్‌లో 20 శాతం దాకా పోగుపడొచ్చని లినక్స్ డిఫాల్ట్. చిన్న మెషీన్‌లో అది ఏమూలకీ రాదు. ఇక్కడ 50 జీబీ దగ్గరికొస్తుంది. ఎవరిదో సిమ్యులేషన్ చెక్‌పాయింట్ (మధ్యలో దాచుకునే స్థితి) రాసి కమిట్, అంటే డిస్క్‌కి దించేయ్, అనగానే ఆ గుట్టంతా ఒక్కసారిగా హార్డ్ డిస్క్‌ల మీద పడేది. శాతంలో కాకుండా బైట్లలో పరిమితి పెట్టి, వెనకాల రాయడం 1 జీబీ దగ్గరే మొదలయ్యేలా, గరిష్ఠం 4 జీబీ అయ్యేలా చేశాం. మొద్దుబారడం ఆగింది.

జూన్ రెండో వారంలో మెయిన్ ప్యానెల్‌లో ఏదో పని చేస్తూ యూపీఎస్‌తో సహా సర్వర్ ర్యాక్‌కి కరెంటు తీసేశారు. నోడ్‌ల ర్యాకులు వేరే లైన్ మీద ఉన్నాయి, అవి నడుస్తూనే ఉన్నాయి. రైట్‌బ్యాక్‌లో ఉన్న సర్వర్, శుభ్రంగా ఆపకుండా ఆగిపోయింది. అది మళ్లీ బూట్ అవుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఫైల్ సిస్టమ్ లాగ్ చదువుకుని మౌంట్ అయింది, ఒక్క ఫైల్ పోలేదు. ఎన్ఎఫ్ఎస్ మొదలయ్యాక కూడా మొదటి నిమిషంన్నర నోడ్‌లు కదల్లేదు. పాత లాకులు ఎవరివి వాళ్లు తిరిగి తీసుకోవడానికి సర్వర్ ఇచ్చే 90 సెకన్ల గడువది. అది తెలియకపోతే కంగారుపడి ఇంకోసారి రీస్టార్ట్ కొడతాం, గడువు మళ్లీ మొదటికొస్తుంది. గడువు అయ్యాక నోడ్‌ల లాగుల్లో "సర్వర్ నాట్ రెస్పాండింగ్" అన్న లైన్ల కింద వరసగా "ఓకే" పడుతూ వచ్చింది. మౌంట్‌లన్నీ హార్డ్ రకం (సర్వర్ జవాబిచ్చేదాకా ఆగేవి) కాబట్టి జాబ్‌లు చావకుండా అరగంట పైన ఎదురుచూసి, ఆగిన చోటి నుంచే నడిచాయి. కొంతసేపటికి వదిలేసే సాఫ్ట్ మౌంట్ పెట్టి ఉంటే అన్నీ ఎర్రర్లతో పోయేవి.

కానీ ఆ రోజంతా సర్వర్ ఈడ్చుకుంటూ నడిచింది. ఈ కాష్‌లో ఏ ముక్క ఇంకా హార్డ్ డిస్క్‌కి చేరలేదో చెప్పే గుర్తులు సర్వర్ సక్రమంగా ఆగినప్పుడే డిస్క్ మీద రాస్తారు. అర్ధాంతరంగా ఆగితే, అన్ని ముక్కలూ చేరలేదనే అనుకుని మొత్తం మళ్లీ హార్డ్ డిస్క్‌లకి రాస్తుంది. డర్టీ బ్లాకుల (ఇంకా హార్డ్ డిస్క్‌కి చేరని ముక్కల) అంకె పొద్దున లక్షల్లో మొదలై, రాత్రికి గానీ కిందికి దిగలేదు. డేటాకి ప్రమాదమేం లేదు. "ఈ రోజు స్లోగా ఉంటుంది, రేపటికి సర్దుకుంటుంది" అని ఒక మెయిల్ ముందే పెట్టేస్తే సరిపోతుంది. మేం మధ్యాహ్నానికి పెట్టాం.

ఎస్ఎస్‌డీల అరుగుదల నెలకోసారి ఎన్‌వీఎమ్ఈ స్మార్ట్ లాగ్‌లో చూస్తున్నాం. వాడిన శాతం జూన్ చివరికి 1 దగ్గరుంది, బడ్జెట్‌లో వాటికి పెట్టుకున్న ఐదేళ్లు దాటేస్తాయనిపిస్తోంది. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకేలా అరుగుతున్నాయి కాబట్టి ఒకటి వచ్చే ఏడాది ముందుగానే మార్చి, దాన్ని స్పేర్‌గా ఉంచాలని సార్‌ని అడిగాను. ఒప్పుకున్నారు.

ఇప్పుడు నోడ్‌ల వైపు కూడా కాష్ పెట్టి చూస్తున్నాం. లోపల సొంత ఎస్ఎస్‌డీ ఉన్న నోడ్‌లలో కాష్‌ఫైల్స్‌డీ సర్వీస్ పెట్టి, రిఫరెన్స్ డేటాబేస్‌ల మౌంట్‌కి ఎఫ్ఎస్‌సీ ఆప్షన్ ఇస్తే చాలు. ఒకసారి చదివింది నోడ్‌లోనే ఉండిపోతుంది, సర్వర్‌ని మళ్లీ పెద్దగా కదిలించదు. రాయడానికి తెరిచిన ఫైళ్లకి ఇది వర్తించదు కాబట్టి హోమ్ డైరెక్టరీలకి పెట్టలేదు, చదవడానికి మాత్రమే ఇచ్చే మౌంట్‌లకే పెట్టాం. సగం నోడ్‌లలోనే ఎస్ఎస్‌డీలున్నాయి. మిగతా సగానికి వచ్చే బడ్జెట్‌లో కొటేషన్ పెట్టాలి, ఈసారి కేబుళ్లు కూడా అందులోనే రాయిస్తాను.